"చెరువు నీళ్ళు తియ్యనంటా…" పాట గురించి: పాత ఎగతాళి పాటల సాహిత్యం ఎక్కడ, ఎలా దొరుకుతుంది

అమ్మా, మీరడిగింది ఇది. కావలి దగ్గర మీ అమ్మమ్మ పెళ్ళిళ్ళలో "చెరువు నీళ్ళు తియ్యనంటా దోసిలొగ్గి తాగింది" అని పాడేది, అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. మీకు ఆ ఒక్క లైనూ "అలిగిందమ్మో" అన్న మాటా తప్ప మిగతాది గుర్తు లేదు. ఇది సినిమా పాటా, పూర్తి సాహిత్యం ఎక్కడైనా ఉందా, ఎందుకంత నవ్వేవాళ్ళు అన్నవి మీ ప్రశ్నలు.

సినిమా పాట కాదు. పెళ్ళి భోజనాల దగ్గర ఆడపిల్లవారు మగపెళ్ళివారి మీద పాడే బంతిపాట. నేను తపాలా శాఖలో మెయిల్ ఓవర్సీరుగా కందుకూరు, కావలి చుట్టుపక్కల పల్లెలు చాలా ఏళ్ళు తిరిగాను. సంచిలో శాఖ కాగితాలతో పాటు ఒక రూళ్ళ నోటుబుక్కు కూడా ఉండేది. ఉలవపాడు అవతల సముద్రం వైపు పల్లెలో ఒక పెద్దామె పాడగా రాసుకున్నది అందులో ఉంది:

అలిగిందమ్మో ఇయ్యపరాలు అరుగు దిగి రానంది
పెట్టిన చీర పొట్టంది, పెట్టనిది పట్టంది ॥అలిగిందమ్మో॥

గంపెడు గారెలు మింగి గాలితోనే నిండెనంది
గంగాళం పాయసానికి గొంతు తడవలేదంది ॥అలిగిందమ్మో॥

దొరువు నీళ్ళు తియ్యనంటా దోసిలొగ్గి తాగింది
కడవ మీద కడవ తాగి కడకు ఉప్పు తేల్చింది ॥అలిగిందమ్మో॥

మీరు "చెరువు" అన్నచోట ఇక్కడ "దొరువు" ఉంది చూడండి. మీకు నవ్వు ఎందుకో అర్థం కాకపోవడానికి కారణం ఆ ఒక్క మాటే.

మన సముద్రతీరంలో, చినగంజాం నుంచి కొత్తపట్నం, కరేడు, తుమ్మలపెంట దాకా, ఇసకలో నాలుగైదు అడుగులు తవ్వితే మంచినీళ్ళు ఊరతాయి. ఆ గుంటే దొరువు. వాననీరు ఇసకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు బరువు కాబట్టి అది కింద, మంచినీరు పైన. పైపైన ముంచుకున్నంతసేపూ తియ్యగానే ఉంటాయి. ఆశపడి ఎక్కువ తోడితే కిందనుంచి ఉప్పునీరు పైకి లేచి దొరువు పాడవుతుంది. ఆ ఊళ్ళలో చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. ఇప్పుడు పాట మళ్ళీ చదవండి. వియ్యపురాలు దోసిలితో మొదలుపెట్టి, దొరువు కింది ఉప్పు పైకి తేలేదాకా తాగిందట! చెరువు అంటే ఆ హాస్యం చచ్చిపోయింది. చెరువు నీళ్ళు ఎంత తాగితే ఉప్పు తేలుతుంది?

పైగా "దొరువు – దోసిలి", "కడవ – కడకు" అని పాటలో మాటకు మాట జత ఉంది. "చెరువు – దోసిలి" అంటే ఆ జత తెగిపోయింది. పల్లెపాట కట్టినావిడకు యతి అన్న పేరు తెలియకపోవచ్చు గానీ చెవికి తెలుసు. ఒక లైనులో జత తెగిందంటే అక్కడ మాట మారిందని నేను అనుమానిస్తాను. నూటికి నూరుపాళ్ళు నిజమని కాదు, వెతకడానికి మొదటి చోటు అది.

మరి మీ అమ్మమ్మ చెరువు అని ఎందుకు పాడింది? మీరు రాసినదాన్ని బట్టి ఆమెది కావలికి పడమట, కలిగిరి వైపు. మెట్టప్రాంతం. అక్కడ దొరువులు లేవు, చెరువులున్నాయి. ఆడవాళ్ళ పాటలు పెళ్ళిళ్ళ వెంట నడుస్తాయి. సముద్రం వైపు పిల్ల మెట్టకు కోడలుగా వచ్చి పాట తెచ్చింది. ఆమె తర్వాత తరం తమకు తెలిసిన మాట పెట్టుకుంది. అందుకే పాట వెతికేటప్పుడు అమ్మమ్మ కాపురమున్న ఊరిని పట్టుకుంటే లాభం తక్కువ. అమ్మమ్మ పుట్టినూరు, కుదిరితే అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టినూరు పట్టుకోండి.

"పూర్తి సాహిత్యం" అన్నారు. ఇలాంటి పాటకు పూర్తి అనేది లేదు. ఒక ఊళ్ళో పల్లవి స్థిరం, రెండు మూడు చరణాలు స్థిరం, మిగతావి ఆ పూట పెళ్ళిలో జరిగినదాన్ని బట్టి కట్టుకునేవి. విస్తట్లో గారె పడితే గారె మీద, బూరె పడితే బూరె మీద. పెళ్ళికొడుకు మేనత్త మూతి ముడుచుకుంటే ఆమె మీద. నా నోటుబుక్కులోనే ఈ పాటకు మూడు ఊళ్ళ రూపాలున్నాయి. మూడింట్లోనూ కలిసేది పల్లవీ చీర లైనూ మాత్రమే. మీరు మీ ఇంట్లో పెళ్ళికి పాడించాలనుకుంటున్నారు కదా, ఆ చట్రం తీసుకుని మీ వియ్యపురాలి మీద రెండు చరణాలు మీరే కట్టుకోవచ్చు. అమ్మమ్మలు చేసింది కూడా అదే. (ఆ వియ్యపురాలు నవ్వే రకమో కాదో ముందు కనుక్కోండి. ఇప్పుడు వీడియో తీసి గ్రూపుల్లో పెడుతున్నారు, మునుపు బంతి లేస్తే మాట కూడా లేచిపోయేది.)

ఇక ఎక్కడ వెతకాలో చెబుతాను.

మొదట సినిమాను తీసెయ్యాలి. పల్లెలో పెద్దవాళ్ళు "ఇది మా అమ్మ కాలం పాట" అని ఒట్టేసి పాడినవాటిలో సినిమా పాటలు చాలా ఉంటాయి. బాపట్ల దగ్గర అప్పికట్లలో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి రాసిన హాస్యపాటలు అచ్చం పల్లెపాటల్లాగే ఉంటాయి. 1962లో వచ్చిన 'కులగోత్రాలు'లో పేకాట మీద ఆయన రాసిన పాటను ఒకాయన నాకు వాళ్ళ తాత కట్టిన పాటగా వినిపించాడు. తాతను తప్పుబట్టలేదు, విని ఊరుకున్నాను. పాత సినిమాలకు హాలు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్ళు, అవి చాలావరకు ఇప్పుడు నెట్‌లో దొరుకుతున్నాయి. అరగంట పని.

తర్వాత అచ్చు పుస్తకాలు. బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వచ్చింది. పాటల రకాలు, వాటి పేర్లు తెలుసుకోవడానికి అది చదవాలి. నేదునూరి గంగాధరం గారి 'మిన్నేరు', 'మున్నీరు', 'పన్నీరు' సంపుటాల్లో పాటలు కుప్పలుగా ఉన్నాయి. అయితే ఆయన రాజమండ్రి వైపు మనిషి, రామరాజు గారు తెలంగాణ మనిషి. మన నెల్లూరు యాసలో ఉన్నది యథాతథంగా దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు. దాని చుట్టం దొరుకుతుంది. ఆ చుట్టాన్ని పట్టుకుని మన రూపం అడుగుతూ పోవాలి.

పుస్తకం తెరిచి "హాస్యగేయాలు" అన్న శీర్షిక కింద చూసి లేదని మూసెయ్యకండి. ఇదే పాట పెళ్ళిపాటల్లో, స్త్రీల పాటల్లో, ఎగతాళి పాటల్లో, వియ్యాలవారి పాటల్లో ఎక్కడైనా ఉండొచ్చు. నెట్‌లో వెతికేవాళ్ళకు ఇంకో తిప్పలు. వియ్యపురాలు, వియ్యంకురాలు, వియ్యాలవారు, ఇయ్యపరాలు అన్నీ వెతకాలి. "ఇయ్యాల" అని కొడితే ఈరోజు అనే అర్థంలో లక్ష పాటలు మీద పడతాయి. స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో తెలుగు అక్షరాలను యంత్రం చాలాసార్లు సరిగ్గా చదవదు కాబట్టి లోపలి లైన్లు తరచు వెతుకులాటకు చిక్కవు. పుస్తకం పేరును కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో చోట ఒక్కోలా కొట్టి ఉంటారు. విషయసూచిక దించుకుని కళ్ళతో చదవడమే మార్గం.

పల్లవితో వెతకడం అందరూ చేసే పొరపాటు. ఈ పాటకు పల్లవి నిలిచింది గానీ చాలా పాటల్లో పల్లవులు ఊరూరా మారతాయి, ఒక పాట చరణం ఇంకో పాటలో దూరుతుంది. హాస్యం ఉన్న లైనుతో వెతకండి. మీ విషయంలో "పెట్టిన చీర పొట్టంది". జోకు పేలిన లైనును ఎవరూ పారేసుకోరు.

జిల్లా పేరు కూడా మోసం చేస్తుంది. పాత పుస్తకంలో పాట కింద "నెల్లూరు జిల్లా" అని ఉంటే అది కనిగిరిదో పొదిలిదో కావచ్చు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు జిల్లా. నెల్లూరు, గుంటూరు, కర్నూలు నుంచి ముక్కలు తీసి 1970లో ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు, చీరాల, అద్దంకి బాపట్లకు పోయాయి. మార్కాపురం వైపు పాట పాత సంపుటాల్లో కర్నూలు కింద ఉంటుంది. కాబట్టి జిల్లా చూసి పేజీ తిప్పెయ్యకండి, ఊరి పేరు చూడండి.

పత్రికల్లో కూడా చాలా పాటలున్నాయి. 1924 నుంచి 1991 దాకా నడిచిన 'భారతి'లో, ఆంధ్రపత్రిక ఉగాది సంచికల్లో పాటలు సేకరించి పంపినవాళ్ళ వ్యాసాలు కనిపిస్తాయి. వీటి కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి ఒక రోజు కేటాయించండి. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలను అంత జాగ్రత్తగా దాచిన చోటు మన వైపు ఇంకోటి లేదు. వెళ్ళేముందు ఏ సంవత్సరాలు కావాలో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. "పాత పాటలు ఉన్నాయా" అని అడిగితే పాపం వాళ్ళు మాత్రం ఏం తీసిస్తారు? గుజిలీ ప్రతులు, అంటే తిరునాళ్ళలో అణాకీ బేడకీ అమ్మిన పలుచటి పాటల పుస్తకాలు, గ్రంథాలయాల్లో తక్కువ. పాత ఇళ్ళ అటకల మీద, పెట్టెల అడుగున ఎక్కువ.

గ్రామఫోను రికార్డుల మీద నాకు పెద్ద ఆశ లేదు. పాత 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు పాడుతుంది. ఎనిమిది చరణాల పాటను మూడు చేసి, నాటకాల వాళ్ళ చేత పాడించారు. లేబుల్ మీద "కామిక్" అని ఉన్నవి దొరికితే వినండి, సరదాగా ఉంటాయి. ఆకాశవాణిలో పల్లెపాటలు వచ్చాయి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది, అంతకుముందు మన నెల్లూరు వాళ్ళకు మద్రాసు కేంద్రమే దిక్కు. ఆకాశవాణి వాళ్ళ పాత 'వాణి' పత్రికలో కార్యక్రమాల పట్టికలుంటాయి, పాట వివరం తెలుస్తుంది గానీ సాహిత్యం ఉండదు.

అసలు నిధి మనుషుల దగ్గర ఉంది. అడగడం తెలియక మొదటి ఐదేళ్ళు నేను చాలా పోగొట్టుకున్నాను.

"అవ్వా, పాత హాస్యం పాటలు వచ్చా?" అంటే "నాకేం రావు నాయినా" అనే జవాబు. నిజంగానే ఆమెకు "హాస్యం పాటలు" రావు. ఆమెకు వచ్చింది వియ్యపురాల్ని ఆడిపోసుకోవడం. "మీ పెద్దమ్మాయి పెళ్ళిలో మగపెళ్ళివారిని ఏమని ఏడిపించారు?" అనండి. ఎవరు అలిగారు, ఎందుకు అలిగారు, విస్తట్లో ఏం తక్కువైంది, ఇవన్నీ కదిలితే పాట దానంతటదే వస్తుంది. పాట చెప్పమనకండి, పాడమనండి. రాగం తీసేసి వట్టి మాటలు చెప్పమంటే రెండో లైనుకే తడబడతారు. రోకలి పాటైతే చేతికి ఏదైనా ఇచ్చి ఆడించమనండి, చెయ్యి కదిలితే గాని గుర్తురాదు.

ఇంకో ఉపాయం: మీరే తప్పు పాడండి. నేను ఆ ఉలవపాడు వైపు పల్లెలో చేసింది అదే. మీలాగే "చెరువు నీళ్ళు" అని మొదలుపెట్టాను. అప్పటిదాకా పొగాకు తోరణం కుడుతూ తల ఎత్తని మనిషి "చెరువేందయ్యా, నీ మొకం! దొరువు" అని అందుకుంది. అడిగితే ఇవ్వనిది తప్పు దిద్దడానికి ఇచ్చేస్తారు.

మీ బంధువుల్లో "అలిగిందమ్మో" ఒక్కటే వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు వంత పాడినవాళ్ళు. ముందు పాడే ఆమె ఒకతి ఉండేది, చరణాలన్నీ ఆమె నోట్లోనే. "మీ ఊళ్ళో ముందు పాడేది ఎవరు?" అని అడగండి. ఆమె పోయి ఉంటే ఆమె పక్కన కూర్చుని పాడినామె ఎవరని అడగండి. ఒక్కరిని కాకుండా ఇద్దరు ముగ్గుర్ని ఒకచోట కూర్చోబెడితే ఒకరి మాట ఇంకొకరు అందిస్తారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వెళ్ళండి. పొగాకు బేరన్ల (ఆకు కాల్చే కొట్టాల) రోజుల్లో వెళితే ఇంట్లో కుక్క తప్ప ఎవరూ ఉండరు.

ముందు పాడే ఆమె భర్త పోయి ఉంటే పెళ్ళిపాట పాడటానికి జంకుతుంది. వింజమూరు వైపు ఒకామె నాకు నాలుగుసార్లు కాదంది. ఐదోసారి నేను పాట మాట ఎత్తలేదు. మా ఆవిడను తీసుకెళ్ళాను. వాళ్ళిద్దరూ వంటింట్లో మాట్లాడుకుంటూ ఉంటే పాట బయటికొచ్చింది, నేను వాకిట్లో కూర్చుని విన్నాను. పచ్చి పాటలకు కూడా ఇదే దారి. మగవాడి ముందు పాడరు. మీరు ఆడమనిషి కావడం మీకు పెద్ద సౌకర్యం, వాడుకోండి.

పచ్చి మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అచ్చులో ఎక్కడైనా చరణం మధ్య చుక్కలు కనిపిస్తే, లేక హాస్యపాటలో నవ్వు రాని చరణం ఉంటే, అక్కడ సేకరించినవాళ్ళు కత్తెర వేశారని అనుకోండి. ఆ కాలం అలాంటిది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని అనే పాతకాలపు కవయిత్రి రాసిన శృంగారకావ్యం 'రాధికాసాంత్వనము' అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. మన ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రిగా) వచ్చాక గాని ఆ నిషేధం పోలేదు. ఒక కావ్యానికే ఆ గతి పడితే, పల్లెటూరి ఆడవాళ్ళ పాటను ఉన్నదున్నట్టు అచ్చువేసే ధైర్యం ఎందరికి ఉంటుంది? కత్తిరించిన చరణాలు కొన్ని తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మలైన కేతిగాడి నోటా బంగారక్క నోటా బతికాయి. ఆ ఆట ఆడే కుటుంబాలు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి, పెద్దవాళ్ళను అడగండి.

పాట ఎంత పాతదో తేల్చడం కష్టం. బేడలు, దమ్మిడీలు ఉంటే ఆ లైను బహుశా 1957లో నయాపైసలు రాకముందుదని అనుకోవచ్చు. కంట్రోలు బట్ట (రేషను మీద ఇచ్చిన బట్ట) అని ఉంటే రెండో యుద్ధం రోజులకు ముందుది కాదు. కానీ అది ఆ లైను వయసు, పాట వయసు కాదు. చరణాలు మారుతుంటాయని చెప్పాను కదా. మాటల అర్థం తేలనప్పుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం చూడండి. వ్యవసాయం సంపుటం 1962లో వచ్చింది. మన వైపు "కయ్య" అంటే వరిమడి. అది తెలియక పొరుగు జిల్లా మిత్రుడొకాయన "కయ్యలో దిగిన వదిన" అన్న నా పాటను తగాదా పాటల్లో చేర్చేశాడు.

రాసుకునేటప్పుడు విన్నది విన్నట్టు రాయండి. "ఇయ్యపరాలు" అంటే అదే రాయండి, వియ్యపురాలని దిద్దకండి. వినపడని చోట ఖాళీ వదలండి. మొదట్లో నేను ఖాళీలను నా సొంత మాటలతో పూరించేవాణ్ణి, అంతా నున్నగా ఉండాలని. పదిహేనేళ్ళ తర్వాత తిరగేస్తే ఏది అవ్వ మాటో ఏది నా మాటో నాకే తెలియలేదు. ఆ పాటలు ఇరవై దాకా ఉన్నాయి, ఎవరికీ ఇవ్వను. పాడినామె పుట్టినూరు, అత్తగారి ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ సందర్భంలో పాడేవాళ్ళు, ఈ నాలుగూ పాట కింద రాయండి. ఫోన్‌లో రికార్డు చేస్తే "అయిపోయింది" అన్నా వెంటనే ఆపకండి, మంచి చరణం ఆ తర్వాతే వస్తుంది. నా పాత క్యాసెట్లు సగం బూజు పట్టాయి. మీరు రెండు చోట్ల దాచండి.

మీ పాటకు నా దగ్గర నాలుగో చరణం కూడా సగం ఉంది. వియ్యంకుడి మీద. "ఇయ్యంకుడు మీసం దువ్వి ఇస్తరి ముందు కూకున్నాడు" దాకా పాడి, తర్వాతి లైను నోట్లో ఉండగానే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. పక్కనున్న ఇద్దరూ అందుకున్నారు గానీ వాళ్ళూ నవ్వుతున్నారు. క్యాసెట్‌లో మిగిలింది ఆ నవ్వే. రెండోసారి వెళ్ళేసరికి ఆమె లేదు. మీ అమ్మమ్మ చెల్లెలు ఉన్నారని రాశారు కదా, ఈ లైను ఆమె ముందు పాడి చూడండి. మీసాన్ని గడ్డంగా మార్చి, తప్పు పాడండి.